గంధకం వాసన ఎరిగిన మనిషి

మొన్న ఆదివారం తెల్లవారుతుండగా మా పెదనాన్న కన్నుమూశాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన్ని "అణకువ గల సేవకుడు" అన్నారు. పాపం, ఆయన ఈ మధ్యే వచ్చారు, ఎవరో రాసిచ్చింది చదివారు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడక ఇది రాస్తున్నాను. మా పెదనాన్నలో మంచి గుణాలు చాలా ఉండేవి. అణకువ మాత్రం లేదు. అది లేనందుకే ఈ రోజు నేను ఆయన తమ్ముడి కూతుర్నని గర్వంగా చెప్పుకుంటున్నాను.

ఎనభైల్లో ఆయన గుంటూరు దగ్గర మా చర్చి నడిపే చిన్న ఆసుపత్రిలో డ్రైవరు. నేను అక్కడే నర్సుని. పల్లెల నుంచి పురిటి మనుషుల్ని తీసుకొచ్చేది ఆ పాత పెట్రోలు కారే. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టేవాడు. "వెచ్చగా ఉంటదని పిల్లులు దూరి పడుకుంటాయమ్మాయ్" అనేవాడు. మిరపకాయలు ఎండబోసిన కల్లాల పక్కగా పోయేటప్పుడు అద్దాలు ఎత్తించేవాడు. ఆ ఘాటుకి పురిటి మనిషి తుమ్మితే ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

ఒక ఏడాది ఆ బండిలో కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. ఎక్కిన ఆడవాళ్లు వాంతులు చేసుకునేవాళ్లు. వాసన సైలెన్సర్ పొగలోంచే వస్తోందని అందరూ అనుకున్నారు. మా ఆసుపత్రి కమిటీలో ఉన్నవాళ్లంతా మిరప రైతులు. తోటకి బూడిద తెగులు తగిలితే గంధకం పొడి చల్లించే వాళ్లు కాబట్టి వాళ్లకి వెంటనే గంధకమే తట్టింది. డ్రైవరు చాటుగా గంధకం బస్తాలు బాడుగకు తోలుతున్నాడు, ఆ పొడి ఇంజన్లో పడి కాలుతోంది అని తేల్చేశారు. ఆదివారం ఆరాధనలో కమిటీ అధ్యక్షుడు లేచి, పేరు పెట్టి మరీ ఆ మాట అన్నాడు. తప్పు ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టేదాకా బండి తాళం ఇవ్వరు, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్లకు రానివ్వరు.

"పెట్టెయ్ పెదనాన్నా, ఉద్యోగమన్నా మిగులుద్ది" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నువ్వు నర్సువి గదమ్మా, రోగిని ముట్టుకోకుండానే జొరమని రాసేస్తావా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కమిటీ వాళ్లని తాళం పట్టుకుని ఆసుపత్రి ఆవరణలో బండి దగ్గరికి రమ్మని పిలిచాడు. ఆయన గొంతు పెద్దది. వార్డులో ఉన్న నాకు అంతా వినబడింది.

"కుర్రతనం నుంచీ మీ చేలల్లోనే గంధకం చల్లానండి. మీరు గట్టు మీద నిలబడ్డారు, నేను మూతికి గుడ్డ కట్టుకుని సాళ్లలో నడిచాను. గంధకం కాలితే ముక్కులో సూది గుచ్చినట్టు ఉంటది, దగ్గొస్తది. ఇది కుళ్లిన గుడ్డు కంపు. రెండూ ఒకటి కాదు."

సైలెన్సర్ మూతి దగ్గర తడిగుడ్డ పట్టి, అధ్యక్షుడి చేతికిచ్చి వాసన చూడమన్నాడు. ఉత్త పెట్రోలు పొగ. తర్వాత బానెట్ ఎత్తి బ్యాటరీ చూపించాడు. "దీన్లో నీళ్లు పోసినయ్యి పోసినట్టే ఇగిరిపోతన్నాయి. హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడిపోతన్నాయి. ఇంజన్ తిరిగితే డైనమో బ్యాటరీకి కరెంటు పంపిద్ది. చాలిక అని ఆపాల్సిన డబ్బా ఇదిగో, ఇది ఆపట్లేదు. లోపల ఆసిడ్ ఉడికి కంపు కొడతంది."

వాళ్లు నమ్మలేదు. డైనమో తీగ ఊడదీసి, అందర్నీ ఎక్కించుకుని పెదకాకాని దాకా వెళ్లొచ్చాడు. వాసన లేదు. తీగ మళ్లీ తగిలించి మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. ఈసారి అందరూ ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని దిగారు. అప్పుడు ఆ డబ్బా ఎర్తు తీగ విప్పి చూపించాడు. స్క్రూ కింద అంతా తుప్పు. గరుకు కాగితంతో గీకి, బిగించి, ఉడికిపోయిన బ్యాటరీని మార్పించాడు. ఆ తర్వాత బండి ఎక్కిన ఏ పురిటి మనిషీ ముక్కు మూసుకోలేదు.

అధ్యక్షుడు తాళం చేతిలో పెడుతూ, "జరిగిందేదో జరిగింది. ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

"తాళం తీసుకుంటానండి, పురిటి నొప్పులు ఆగవు కాబట్టి. కానీ ఆ మాట నలుగురిలో అన్నారు. నలుగురిలోనే వెనక్కి తీసుకోండి. అందాకా బల్ల దగ్గరికి మీరు రమ్మన్నా నేను రాను."

తర్వాతి ఆదివారం ఆరాధనలో అధ్యక్షుడు లేచాడు. "డ్రైవరు గురించి మేమన్నది పొరపాటు" అని తలొంచుకుని గొణిగి, కూర్చోబోయాడు. పెదనాన్న చాప మీంచి లేచాడు.

"వెనక ఆడవాళ్లకి వినబళ్లేదండి."

అధ్యక్షుడు ముఖం ఎర్రగా చేసుకుని ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. పెదనాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆఖరి వరసలో, వారమంతా ఏడుస్తూనే ఉన్న మా పెద్దమ్మ, వినబళ్లేదని తల అడ్డంగా ఊపింది. మూడోసారి అధ్యక్షుడి గొంతు రోడ్డు మీదకి వినబడింది. పెదనాన్న అప్పటికీ కూర్చోలేదు. ఉతికిన తెల్లచొక్కాలో, మెడ నిటారుగా పెట్టి, పెద్దమ్మ సరేనన్నట్టు తల ఊపేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.