లోపలి గదిలోంచి ఊఁ

దయ్యాలను నమ్మడం మా ఇంట్లో తక్కువతనం కింద లెక్క. పనివాళ్లు నమ్మేవారు, మేం నమ్మేవాళ్లం కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, అలా పెరిగాను కాబట్టి చెబుతున్నాను. పొద్దుగూకాక పశువుల కొట్టం దాకా వెళ్లి రమ్మంటే నా తోటి పిల్లలు ఏడ్చేవారు. నేను వెళ్లి వచ్చేదాన్ని. నలభై దాటినా అందులో తేడా రాలేదు. అందుకే కామారెడ్డిలో మేం అద్దెకుంటున్న ఇంట్లో జరిగింది రాయడానికి చాలాకాలం వెనకాడాను.

మాది మాచారెడ్డి వైపు ఒక ఊరు. పేరు రాయను. మా తాత ఆ ఊరికి పటేలు. ఎవరి తగాదా అయినా మా అరుగు మీదే తెగేది. నా పెళ్లినాటికి భూమి పోయింది. తర్వాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు కూడా విప్పి అమ్మారు. ఇప్పుడు ఆ జాగాలో ఎవరిదో గోదాం ఉంది. ఆ ఇంటి నుంచి నేను తెచ్చుకున్న వస్తువు ఒక్కటీ లేదు. కుర్చీ లేదు, ఫోటో లేదు, చివరికి ఒక గిన్నె కూడా లేదు. దయ్యం ఏదో పాత వస్తువును పట్టుకుని వచ్చి ఉంటుందని చెప్పేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

తెచ్చుకున్నదల్లా చదివే పద్ధతి ఒక్కటే.

తాతకు పిల్లలం రోజూ పేపరు చదివి వినిపించాలి. నిలబడి చదవాలి, వీపు గోడకు ఆనకూడదు. ఆయన లోపలి గదిలో, మేం బయట. తలుపు ఓరగా వేసి ఉండేది. వాక్యం సరిగా చదివితే లోపలి నుంచి ఊఁ అనేవారు. కథ వింటూ కొట్టే ఊఁ కాదు అది. ముందు గొంతులో పొడిగా చిన్న చప్పుడు, ఆ వెంటనే ఊఁ. తప్పు చదివితే మౌనం. తప్పెక్కడో చెప్పేవారు కాదు. వాక్యం మొదటికి వెళ్లి మేమే వెతుక్కోవాలి. అర్థం చేసుకోకుండా గడగడా చదివేసినా ఆయనకు ఎలాగో తెలిసిపోయేది. అప్పుడూ మౌనమే. నాకు ఊఁ దొరికిన రోజులు తక్కువ.

తాతకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. నేను ఇంటర్‌లో ఉండగా ఆయన పోయారు.

ఇప్పటి సంగతికి వస్తాను. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. నేను ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. మా అమ్మాయి శ్రీనిధి చదువు కోసం కామారెడ్డిలో ఇల్లు తీసుకుని, పొద్దున లింగంపేట మీదుగా బస్సులో వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తాను. ఇల్లంటే మేడ మీద రెండు గదులు. కింద ఇంటావిడ రాజవ్వ ఒక్కతే ఉంటుంది.

శ్రీనిధి ఎనిమిదిలో ఉండగా ఒక రెసిడెన్షియల్ స్కూలు ప్రవేశ పరీక్షకు కట్టించాను. అక్కడ తొమ్మిదిలో సీటు వస్తే ఇంటర్ దాకా చదువు, తిండి, వసతి అన్నీ వాళ్లవే. మా పరిస్థితిలో అంతకంటే మంచి దారి లేదు. తొమ్మిదిలో చేరడానికి అవకాశం ఒకసారే. లెక్కల్లో ఆమెకు ఢోకా లేదు. ఇంగ్లీషే కష్టం. పాఠం లాంటి ఒక పేరా ఇచ్చి, చదివి, కింద ప్రశ్నలకు జవాబులు గుర్తించమంటారు. కొత్త మాటలకు అర్థాలు అడుగుతారు. నమూనా పరీక్ష పెట్టిన ప్రతిసారీ అక్కడే పడిపోయేది.

కోచింగ్ సెంటరుకు తీసుకెళ్లాను. అక్కడి సారు కుర్చీలోంచి లేవకుండానే, "మీరు సోషల్ చెప్తరు గద మేడమ్, ఇంగ్లీషు మాకిడువుండ్రి. నడుమల మీరు ఏలు వెట్టకుంటె సాలు" అని నవ్వాడు. నేను లేచి వచ్చేశాను.

మెట్లు దిగుతూ శ్రీనిధి అడిగింది. "ఆయన తప్పేమన్నడమ్మా?"

"మాట్లాడే తీరు అది కాదు."

"తీరుతోని నాకేం పని? నాకు సీటు గావాలె."

నేనే చెబుతానన్నాను. సీటు రాకపోతే ఆ మాట నా మెడకు చుట్టుకుంటుందని తెలిసే అన్నాను.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దాన్నే పెట్టాను. ఆమె ముందు గదిలో నిటారుగా నిలబడి చదవాలి. నేను లోపలి గదిలో కూర తరుగుతూ వింటాను. ఎదురుగా ఉంటే నా ముఖం చూసి జవాబు పసిగడుతుంది కదా. కొత్త మాట వస్తే డిక్షనరీ తీయకూడదు. ముందూ వెనకా చదివి అర్థం తనే తెలుగులో చెప్పాలి. సరైతే ఊఁ అంటాను, లేకపోతే ఊరుకుంటాను. మొదట్లో విసుక్కుంది. మెల్లగా అలవాటు పడింది. బడి నుంచి నాకంటే ముందే వచ్చేది కాబట్టి, నేను వచ్చేలోపు ఒక్కతే నిలబడి చదువుకోవడం కూడా మొదలుపెట్టింది.

ఒకరోజు నేను బస్సు దిగి వచ్చేసరికి రాజవ్వ మెట్ల మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"టీచరమ్మా, మీ ఆయన వచ్చిండా?"

"లేదవ్వా. ఎందుకు?"

"మరి పైన ఎవలు? పిల్ల సదువుతుంటె మగమనిషి ఊఁ కొడుతుండు."

మగదిక్కు దగ్గర లేని ఇంటి గురించి అలాంటి మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. "మా ఇంట్లోకి మగవాళ్లెవరూ రారు. టీవీ అయి ఉంటుంది" అన్నాను.

"టీవీ సదువుకు ఊఁ కొడ్తదా బిడ్డా? నాకు కండ్లు మసకగాని చెవులు మంచిగనే ఉన్నయి. మెట్లెక్కంగ ఎవ్వల్ని సూడలే. గందుకే అడుగుతున్న."

పైకి వెళ్లి శ్రీనిధిని అడిగాను. అది తడుముకోలేదు.

"మొదలు నువ్వే అనుకున్న. లోపలికి పోయి చూస్తె ఎవ్వరు లేరు. మళ్ల వచ్చి చదివితె మళ్ల అన్నరు."

"ఎప్పటి నుంచి?"

"చాన రోజులాయె."

"భయం వేయలేదా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఇల్లు మారుస్తవు. తప్పు చదివితె ఊకుంటరమ్మా, మంచిగ చదివితెనే అంటరు. భయమెందుకు? పరీక్ష దగ్గరికొచ్చె."

నేను సోషల్ టీచర్ని. ఆధారం లేకుండా ఏదీ ఒప్పుకోను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాతో ఎల్లారెడ్డి వస్తుంది. టీవీ రీచార్జి అయిపోయి మూలన పడి ఉంది. లోపలి గదికి వేరే తలుపు లేదు. గోడ వెనక ఖాళీ ప్లాటు, నిండా సర్కారు తుమ్మ, మనిషి నిలబడే చోటు లేదు. నీళ్ల పైపు చప్పుడేమోనని మోటారు ఆపించి విన్నాను. కాదు.

రెండో శనివారం నాకు సెలవు. మధ్యాహ్నం ఎండ గదుల్లోకి నేరుగా పడుతోంది. లోపలి గది తలుపు బార్లా తెరిచాను. పొయ్యి, బియ్యం డబ్బా, మడత మంచం అన్నీ కనిపిస్తున్నాయి. నేను ముందు గదిలోనే గోడకు ఆనుకుని కూర్చుని చదవమన్నాను.

శ్రీనిధి మొదటి వాక్యం చదివింది.

ఖాళీ గదిలోంచి ముందు గొంతులో పొడిగా చిన్న చప్పుడు, ఆ వెంటనే ఊఁ.

నేను లేచి నిలబడ్డాను. కావాలని లేవడం కాదు అది. చూసుకునేసరికి నా వీపు గోడను వదిలి ఉంది, చేతులు కట్టుకుని ఉన్నాయి. శ్రీనిధి మా తాతను చూడలేదు. ఆయన ఊఁ అనే తీరు గురించి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అనే ఊఁలో ఆ గొంతు చప్పుడు ఉండదు.

చదువు ఆపమనలేదు. ఆపితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని అనిపించింది.

ఆ రోజు పేరా ఒక ముసలాయన గురించి. గుట్ట మీద పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. వానలో బాటసారులు వచ్చి తలుపు దగ్గర పిలుస్తారు. ఆయన బయటికి వచ్చి, వసారాలో చాప వేసి, నీళ్లిచ్చి, వాన వెలిసే దాకా వాళ్లతోనే బయట కూర్చుంటాడు. లోపలికి ఎందుకు పిలవలేదన్నది ప్రశ్న.

"కొత్తోళ్లంటె భయం" అంది శ్రీనిధి.

నాకూ అదే సరైనదనిపించింది. "ఊఁ. ముందుకు పో" అన్నాను.

అది కదల్లేదు. "అనలేదమ్మా."

"నేనన్నాను కదా."

"నువ్వన్నవ్. లోపల అనలే."

కోపం వచ్చింది. కన్నతల్లిని, ఎం.ఏ. చదివినదాన్ని, నా మాట కాదని ఖాళీ గది మాట వింటోంది. "నేను చెబుతున్నాను, ముందుకు పో" అన్నాను గట్టిగా. అది నా వైపు చూడకుండా మొదటికి వెళ్లి మళ్లీ చదివింది. బాటసారులు పిలిచినప్పుడు వాళ్ల గొంతు ఇంటి లోపల మారుమోగిందన్న వాక్యం దగ్గర ఆగింది.

"అమ్మా, సామాన్లుంటె మారుమోగదు గద. లోపట ఏం లేదు. అందుకే పిలువలే. ఆయనకు సిగ్గు."

లోపలి నుంచి ఊఁ.

పుస్తకం చివర జవాబు చూశాను. అదే.

ఇక్కడ ఒక మాట రాయాలి. చివరి సంవత్సరాల్లో మా ఇంట్లో కూడా మాట మారుమోగేది. ఎవరైనా వస్తే మా నాన్న అరుగు మీదే చాప పరిచి, అక్కడే కూర్చుని సాగనంపేవారు. అది మా ఇంటి మర్యాద అనుకునేదాన్ని. ఆ శనివారం దాకా అలాగే అనుకున్నాను.

రాజవ్వకు నిజం చెప్పక తప్పలేదు. చెప్పకపోతే వీధి వేరే కథ అల్లుతుంది. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పోచారం దిక్కు ఒకాయన తాయెత్తు కడ్తడు. పొయ్యొద్దమా?" అంది.

"మా తాతకు తాయెత్తు కట్టిస్తారా?" అనేశాను.

రాజవ్వ నవ్వింది. "అంటె ఎవలో ఎరికైనట్టే గద. పెద్దమనిషైతె ఉండనీ తియ్యి. మనిషి ఎక్కువైండని కిరాయి పెంచ."

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ అనలేదు. అదీ ఆమె మర్యాద.

పరీక్ష దాకా అలాగే నడిచింది. నేను ఊఁ అనడం మానేశాను. రోజులు గడిచేకొద్దీ మౌనాలు తగ్గాయి. పరీక్ష రోజు హాలు బయట ఎండలో నిలబడి, లోపల దానికి ఊఁ అనేవాళ్లు ఎవరుంటారని అదే ఆలోచించాను. బయటికి రాగానే అడిగాను.

"ఎవ్వరు అనలే. ఎక్కడ ఆగుతరో నాకెరికే గద, నేనే ఆగిన" అంది.

సీటు వచ్చింది. జూన్‌లో ట్రంకు పెట్టెతో దింపి వచ్చాను. వెళ్లేముందు అది లోపలి గది గడప దగ్గర నిలబడి, "పోయొస్త తాతా" అంది. ఏమీ వినిపించలేదు. అది చదువు కాదు కదా.

నా తోటి టీచరు ఒకామె, పిల్ల ఒత్తిడిలో ఊహించుకుంది, దాన్ని చూసి నువ్వూ ఊహించుకున్నావు అంటుంది. మరి రాజవ్వ? తాత అని ఒప్పుకుందామంటే, ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు తెలియని జవాబు ఆయనకెలా తెలిసింది? తాత కాదంటే ఆ గొంతు ఎవరిది? ఏ వైపు నుంచి చూసినా ఒక మెలిక మిగులుతోంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు. ఎల్లారెడ్డిలోనే ఇల్లు తీసుకుంటే రోజూ బస్సు బాధ తప్పుతుంది. అయినా ఖాళీ చేయలేదు.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, ముందు గదిలో వీపు గోడకు ఆనకుండా నిలబడి, శ్రీనిధి వదిలి వెళ్లిన పుస్తకంలో ఒక పేరా చదువుతాను. ఒక వాక్యం చదివి ఆగుతాను. లోపల చప్పుడు ఉండదు. మొదటికి వెళ్లి మళ్లీ చదువుతాను.

లోపల ఎవరూ లేరో, నేనే తప్పు చదువుతున్నానో ఇప్పటికీ తెలియడం లేదు.