గడప బయట తాత

తెల్లదొర ముఖాన బెల్టు విసిరికొట్టి పోలీసు కొలువు వదిలేశాడట మా తాత. ఆ పౌరుషం విని పక్క సంస్థానం రాజావారు పిలిపించి, తన ఆంతరంగిక కార్యదర్శిగా పెట్టుకున్నారట. మా వాళ్ల ఏ పెళ్లికి పోయినా ఇదే కథ. ఇప్పుడు మా పెదనాయన కొడుకు దీన్ని రాతిపలక మీద చెక్కించి ఊరి మొదట్లో నిలబెడతానంటున్నాడు.

"విసిరేసిన బెల్టు మళ్లీ ఇంటికెట్లొచ్చిందన్నా? అవ్వ పరుపు చుట్టి కట్టింది దాంతోనే గదా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోమ్మా. ఎలక్షన్లొస్తాండాయి," అన్నాడు. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు.

నేనెరిగిన తాత వేరు. కొలువులన్నీ అయిపోయి, గుత్తి దగ్గర మా ఇంట్లోనే ఉండేవాడు. ఏ గదిలోకి రావాలన్నా గడప బయట ఆగి, సన్నగా దగ్గి, లోపలివాళ్లు రమ్మనేదాకా కదిలేవాడు కాదు. రాజును చూడవచ్చినవాళ్లను తలుపు దగ్గర ఆపి, లోపల చెప్పి, మళ్లీ వచ్చి పిలవడమే ఆయన పనట. ఆ అలవాటే ఇదని అందరూ అనేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు వేరుశనగ పొట్టు గాలికి లేచి వాకిలంతా పసుపు పొగలా తిరిగేది. ఆ పొగలో తెల్లపంచెతో తాత, నీళ్లలో నీడలా కదులుతూ వచ్చి, వంటింటి ముందు నిలబడి దగ్గేవాడు.

"ఏమప్పా, ఈడ రాజులెవరూ లేరు. నేనుండా, సంగటి ఉండాది. రా!" అనేది అవ్వ.

అప్పుడు నవ్వి లోపలికి వచ్చేవాడు.

"ఇట్ల గడప బయట దగ్గేది రాజు నేర్పించినాడా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

అవ్వ సంగటి కెలకడం ఆపింది. "రాజు దగ్గరికి పోకముందే. కరువులో గింజలు దోచినారని మడకశిర పక్క ఇండ్లు సోదా చేసేకి పోయినాడు. ఒక ఇంటి తలుపు బూటుకాలితో తన్నినాడంట. మర్సనాడే కొలువు వద్దని వచ్చేసినాడు. మనింటి గడప బయటే నిలబడి దగ్గినాడు. కొత్తల్లుడి మాదిరి ఏందప్పా అని నవ్వినా. ఆయప్ప నవ్వలే."

"ఆ ఇంట్లో ఏముండె?"

"చెప్పలే. నేనూ మళ్లా అడగలే."

రాజుకు వాకిట్లో ఓపిగ్గా నిలబడే మనిషి కావాలి. తాతకు తన్నాల్సిన పనిలేని తలుపు కావాలి. కొలువు కుదిరింది. నాకు అర్థమైనంతవరకు ఇంతే.

నిన్న ఇంకా ఏమీ చెక్కని పలక వచ్చి ఊరి మొదట్లో దిగింది. కొండ మీద గాలిమరల నీడలు దాని మీదుగా మెల్లగా పోతూ వస్తూ ఉన్నాయి. బెల్టు కథ చెక్కనివ్వను, ఎంత గొడవైనా సరే. కానీ ఆ కథ తీసేస్తే దాని చోట ఏం రాయాలో నాకూ తెలియదు. మడకశిర పక్క ఆ ఇంటి తలుపు ఊడిపడినప్పుడు, లోపల తాతకు ఎవరు కనిపించారు?