ప్రభుదాసు బాబాయ్ అడిగిన రెండో సున్నా

నిన్న పొద్దున్న తాడేపల్లిగూడెంలో, కాలేజీ ల్యాబ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ప్రభుదాసు బాబాయ్ పోయారే. మేత వేయడానికి చెరువు గట్టు మీదికెళ్ళి అక్కడే కూలబడిపోయారంట."

"మొన్న సాయంత్రం నాకు వాయిస్ మెసేజ్ పెట్టారు కదమ్మా" అన్నాను. ఆయన బతికే ఉన్నారనడానికి అదే రుజువన్నట్టు.

ఏలూరు దాకా రైల్లో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. తర్వాత బస్సులో, మండవల్లి వచ్చేవరకూ ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో.

ఇప్పుడు కూడా నాలుగు ముక్కలు టైప్ చేసి లేస్తున్నాను, తిరుగుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను.

తెలియనివాళ్ళ కోసం: ప్రభుదాసు బాబాయ్ మా నాన్న స్నేహితుడు. మండవల్లి దగ్గర చిన్న చేపల చెరువు ఆయనది. చదివింది ఏడో తరగతి. నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే బాగా ప్రశ్నలు అడిగే మనిషి.

పోయిన సెలవుల్లో ఆయన ఏరియేటర్‌కి, అంటే చెరువు నీళ్ళను చిలికి చేపలకు గాలి అందించే మోటార్‌కి, నేనొక చిన్న బోర్డు పెట్టాను. దానంతటదే ఆన్ అవ్వాలి, దానంతటదే ఆగాలి. ట్రయల్‌గా ఒక్క నిమిషం తిరగాలని C భాషలో ప్రోగ్రామ్ రాశాను. నా లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. చెరువు దగ్గర మాత్రం మధ్యలోనే ఆగిపోయేది.

"మోటార్ ప్రాబ్లమ్ బాబాయ్. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి" అన్నాను. ఎంత ధీమాగానో!

ఆయన ఎవరినీ పిలవలేదు. గట్టు మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చేపపిల్లల్ని లెక్కపెట్టేటప్పటిలాగే, ఒకటి అనాల్సిన చోట లాభం అంటూ.

"లాభం... రెండు... మూడు..."

ఆరుసార్లు ఆన్ చేయించారు. ఆరుసార్లూ లెక్కపెట్టారు.

"మోటారు చెడితే ఒకోసారి ఒకోచోట ఆగుద్దమ్మా. ఇది ప్రతిసారీ ముప్పై రెండు దాటగానే ఆగుతోంది. పాపం దాన్నేం అనకు. నీ లెక్కలోనే ఏదో ఉంది, చూస్కో."

నా మొహం మాడిపోయింది.

కానీ ముప్పై రెండు అనగానే ఎక్కడో తగిలింది.

టైమ్‌ని మిల్లీసెకన్లలో, int అనే గడిలో దాచాను. లాప్‌టాప్‌లో int కి నాలుగు బైట్లు. ఆ చిన్న బోర్డులో రెండే. రెండు బైట్లంటే పదహారు బిట్లు, ఒక్కోటి ఒకటో సున్నానో. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767, అంటే ముప్పై రెండు సెకన్ల పైచిలుకు. ఇంకొక్కటి కలిపితే అది తిరగబడి −32,768 అయిపోతుంది. "టైమ్ మైనస్‌లో కనిపిస్తే ఏదో తప్పు, వెంటనే ఆపెయ్" అని జాగ్రత్త కోసం నేనే రాసుకున్నాను. ఆపేస్తోంది మరి.

బాబాయ్‌కి ఇదంతా చెప్పి, int తీసేసి, నాలుగు బైట్లుండే long పెట్టాను. నా పని అయిపోయింది.

ఆయన పని కాలేదు.

"ఏదీ, ఆ పదహారూ ఓసారి చూపించు."

చేపలు పట్టే ప్లాస్టిక్ ట్రేలు పదహారు గట్టు మీద వరుసగా పరిచాను. వెల్లకిలా ఉంటే ఒకటి, బోర్లా ఉంటే సున్నా. కుడి చివరి నుంచి ఎడమకి పోయేకొద్దీ ఒక్కో ట్రే విలువ రెట్టింపు. ఐదు పెట్టించాను, పది పెట్టించాను. కాసేపటికి నాకంటే ముందే తిప్పేస్తున్నారు.

"మరి మైనస్ గీత ఎక్కడ పెడతారు?"

"గీత ఉండదు బాబాయ్. ఎడమ చివరి ట్రే వెల్లకిలా ఉంటే మైనస్."

ఆయన ఆ ఒక్కటే వెల్లకిలా పెట్టి, మిగతా పదిహేనూ బోర్లించారు.

"అయితే ఇది మైనస్ సున్నానా? సున్నాలు రెండేంటమ్మా, విడ్డూరం కాకపోతే! నీకోటీ నాకోటీనా?"

నాకు తెలియదు. ఆ చాప్టర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఈ ప్రశ్న మాత్రం నాకు ఒక్కసారీ తట్టలేదు.

"చదివి చెప్తాను" అన్నాను.

ఈ సోమవారం లైబ్రరీలో జవాబు దొరికింది. అప్పుడే ఫోన్ చేయొచ్చు. చేయలేదు. ట్రేలు తిప్పి చూపించాలి, అప్పుడు ఆయన మొహం చూడాలి అని ఆదివారానికి దాచుకున్నాను.

మొన్న సాయంత్రం ఆయనే అడిగారు. "అమ్ములూ, రెండో సున్నా సంగతి తేలిందా?"

"తేలింది బాబాయ్. ఆదివారం వచ్చి చూపిస్తా."

దానికి ఆయన పంపిందే ఆ వాయిస్ మెసేజ్. "అలాగే. ట్రేలు కడిగి ఉంచుతాలే. ఈసారి లాభం నుంచి లెక్కెట్టాలి, మీ సున్నా నుంచి కాదు."

ఎందుకు దాచుకున్నాను?

నిన్నటి నుంచి బుర్రలో ఇదొక్కటే.

ఈ ఉదయం గట్టు మీదికి వెళ్ళాను. ఏరియేటర్ దానంతటదే తిరుగుతోంది. షెడ్డు పక్కన ట్రేలు, కడిగి పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదహారు.

బాబాయ్ భార్య మేరీ పిన్ని నా వెనకే వచ్చింది.

"నువ్వొస్తావని మొన్న ఆయనే కడిగారే. ఒక్కటి తీసుకోబోతే నన్ను కసిరారు. ఇంతకీ ఏంటే ఆ సున్నా? ఇన్నాళ్ళూ నా బుర్ర తినేశారు."

పరిచాను. పదహారూ బోర్లా. సున్నా.

ఏ సంఖ్యకైనా మైనస్ కావాలంటే ముందు అన్నీ తిరగెయ్యాలి, ఆపైన ఒకటి కలపాలి. తిరగేశాం. పదహారూ వెల్లకిలా. ఇప్పుడు ఒకటి కలిపితే కుడి చివరిది బోర్లా పడి, పక్కదానికి ఒకటి ఇస్తుంది. అదీ బోర్లా పడి దాని పక్కదానికి ఇస్తుంది. పిన్ని ఒక్కో ట్రే బోర్లించుకుంటూ వెళ్ళింది. నేను లెక్కపెట్టాను, లాభం నుంచి.

పదహారోది కూడా బోర్లా పడింది. మిగిలిన ఒకటి పెట్టడానికి పదిహేడో ట్రే లేదు.

మళ్ళీ అదే సున్నా.

"అంతేనా?" అంది పిన్ని. అని, చివరి ట్రే మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

అంతే బాబాయ్. సున్నా ఒక్కటే.

మీరు ఎడమ చివర వెల్లకిలా పెట్టిన ట్రే ఉందే, అది మైనస్ సున్నా కాదు. అది −32,768. మన ఏరియేటర్ ఆగింది సరిగ్గా అక్కడే. లెక్కపెట్టి ఒకసారి, ప్రశ్న అడిగి ఒకసారి, ఆ తప్పును మీరు రెండుసార్లు పట్టుకున్నారు. నేను చూసుకోలేదు.

సోమవారమే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పాను.

ట్రేలు మళ్ళీ పేర్చి పెట్టాను. చెరువు దగ్గర బోర్డు సంగతి నేను చూసుకుంటాను.

మీరు నిమ్మళంగా నిద్రపోండి బాబాయ్.