అక్క పోసే అర గ్లాసు కాఫీ

ఆ ఉదయం నామం పెట్టుకుంటుంటే ఎర్రగీత పక్కకు జారింది. చెరిపి మళ్ళీ దిద్దాను. మళ్ళీ వంకరే. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. "ఏమండీ, ఆఫీసుకు అంత తొందరేముండాది?" అని నా భార్య నవ్వింది. నేనూ నవ్వేశాను.

తరువాత కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఆరు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నా వదల్లేదు. సంతకం చీమంత అయింది. చివరికి మా తిరుపతిలోనే ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాము. ఆమె నన్ను నడిపించి, వేళ్ళు ఆడించి చూసి, ఎమ్మారై తీయించి, "యంగ్ ఆన్‌సెట్ పార్కిన్సన్స్, చిన్న వయసులోనే వచ్చే వణుకు రోగం" అన్నారు.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?"

"అవునండీ."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ," అన్నాను ఠక్కున.

మాత్రలు మొదలుపెట్టగానే ఒకటే వాంతులు. డోసు తగ్గించి మెల్లగా పెంచారు. రెండో నెలకు చొక్కా బొత్తాలు నేనే పెట్టుకున్నాను. ఆ రోజు ఏడ్చాను కూడా. అయినా సంగతి పాకాలలో ఉన్న అక్కకు చెప్పలేదు. ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్నారు. మేనమామకు వణుకు రోగమని తెలిస్తే ఎవరొస్తారని నా భయం.

దాచి దాచి విసుగొచ్చి ఒక ఆదివారం రైలెక్కాను. అక్క కాఫీ తెచ్చింది. ఎప్పట్లాగే అర గ్లాసే. పిసినారి అని ఆమెను ఏళ్ళ తరబడి ఆటపట్టించినవాణ్ణి నేనే. ఆ రోజు నా చూపు ఆమె చేతుల మీద పడింది. రెండు చేతులతో పట్టుకున్నా ఆ అర గ్లాసు కాఫీ అంచుదాకా ఊగుతోంది.

నా కుడి చెయ్యి ముందుకు చాపాను. "నాకు రెండేండ్లక్కా. నీకు?"

అక్క గ్లాసు కింద పెట్టి కూర్చుంది. "ఆరేండ్లురా. నిండా పోస్తే తొణుకుతాదని... పిల్ల పెండ్లి అయినాక సూపించుకుందామనుకున్నా."

లోపలినుంచి ఆమె కూతురు వచ్చింది. "నాకు తెలుసు మామా. ఆస్పత్రికి రమ్మంటే అమ్మ రానంటాది. సూసేదానికి వచ్చేవాళ్ళకు నేనే చెప్తా. ఇష్టముంటే చేసుకుంటారు."

మరుసటి వారం అక్కను తీసుకెళ్ళాను. "ఇంట్లో ఎవరికీ లేదన్నది మీరేగా!" అన్నారు డాక్టరమ్మ. తల వంచుకున్నాను. అక్కకూ మాత్రలు రాశారు. జెనెటిక్ టెస్ట్ అయ్యాక, "ఇది రిసెసివ్, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే జబ్బు. మీ పిల్లలకు వచ్చే అవకాశం చాలా తక్కువ. మళ్ళీ మేనరికాలు మాత్రం చేయకండి," అన్నారు. ఆ మాటతో మా ఇద్దరి గుండెల మీది బరువు దిగింది.

పిల్ల అన్నట్టే పెళ్ళివారికి అంతా చెప్పింది. ఒకరు మళ్ళీ రాలేదు. ఇంకొకరు డాక్టరును కలిసి, అడగాల్సినవన్నీ అడిగి, ఒప్పుకున్నారు. పెళ్ళి తిరుచానూరులో జరిగింది.

నా నామం ఇప్పటికీ కాస్త వంకరే. మాత్ర వేళ తప్పితే కాలు ఈడుస్తాను. తప్పనివ్వను. మీకు చెప్పేది ఒక్కటే: ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే నాలా ఠక్కున లేదనకండి. తోబుట్టువుల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ చేతులు చూసి వచ్చి చెప్పండి.

పోయిన ఆదివారం అక్క నిండు గ్లాసు తెచ్చింది. రెండు చుక్కలు నా పంచె మీద పడ్డాయి.

"తాగురా," అంది. "ఈమాత్రం తొణికితే ఏమైతాది!"