మేక కదలొచ్చా, కూడదా?

ఈ రోజు మధ్యాహ్నం మా నాయుడుపేట రైసుమిల్లు వరండాలో పులీ మేకా ఆట నా బుర్ర తినేసింది. సంగం రమణయ్యన్నవి మేకలు, పదిహేను చింతగింజలు. చిల్లకూరు మస్తానన్నవి పులులు, మూడు గులకరాళ్లు. ఇంకా రెండు గింజలు చేతిలో ఉండగానే రమణయ్యన్న గీతల మీదున్న మేకను పక్కకు జరిపినాడు.

"మేకలన్నీ పెట్టకుండా ఎట్టా జరుపుతావయ్యా?" అన్నాడు మస్తానన్న.

"మా ఊళ్లో జరుపుతారు!"

తీర్పు చెప్పమని నన్ను పట్టుకున్నారు. మస్తానన్నదే న్యాయమన్నాను. రెండో ఆటకు పక్షాలు మార్చుకున్నారు. ఈసారి మూడు గింజలు చేతిలో పెట్టుకోని మస్తానన్నే మేకను జరిపినాడు! "అన్నీ పెట్టాల్సిందే" అని ఇప్పుడు రమణయ్యన్న అరుపులు. ఆట ఆగిపోయింది.

మేం ముగ్గురం ఈ మిల్లు హమాలీలం. లారీకి మోసే బస్తాను నా వీపుకెత్తేది వాళ్లిద్దరే. పని మొదలైనా చెరో దిక్కు చూస్తా నిలబడినారు. లారీ నిండకపోతే రేపట్నించి ముగ్గురూ రావద్దని మేస్త్రీ కేకలేసినాడు. నాకు ఒళ్లు మండి, "ఇద్దరిదీ దొంగాటే!" అన్నాను.

"పెద్దోళ్ల ఆటలో నీకేందిరా?" అని ఇద్దరూ ఒక్కసారే నా మీదికి లేచినారు. ఆ కోపంలోనే చెరో కొసా పట్టి బస్తాను నా వీపున పడేసినారు. సాయంత్రానికి ఒకే బీడీ పంచుకుంటా నవ్వుతున్నారు.

నా తప్పేందో నాకింకా అర్థం కాలేదు. గింజలు చేతిలో ఉండగా మేక కదలొచ్చా, కూడదా? తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి. రేపటి ఆటకూ తీర్పరిని నేనేనంట.