లాభం నుంచి వంద దాకా

చెల్లి పెళ్లిలో తలంబ్రాలు, అమ్మ వేసిన ఆఖరి అట్టు రుచి, నా కూతురు మొదటిసారి నాన్నా అన్న పిలుపు, మా వాట్‌గంజ్ మేడ మీద నుంచి చూసిన దుర్గ ఊరేగింపులు: పోగొట్టుకున్నవాటిని కూడితే ఇంకా చాలా తేలతాయి. మొన్న ఆదివారం అమ్మాయి తన ఫోనులోకి ఎక్కించుకున్న పాత ఫోటోలు చూపిస్తుంటే అన్నిటిలోనూ నేను నిలబడే ఉన్నాను, గుర్తున్నది మాత్రం ఒక్కటీ లేదు. ఆ వేళల్లో నేను లోపల లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

మన వయసువాళ్లకు తెలుసు, గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అని మొదలుపెట్టి తరవాత రెండు అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చిన నాన్న ఇక్కడి రేవులో ఓడల మీంచి బస్తాలు దించేవాడు. నా చిన్నతనంలో ఒక సాయంత్రం, అత్త పక్కన కూర్చుని బియ్యం కొలుస్తూ ఒకటి అనేశాను.

"ఒకటంతావేటిరా దరిద్రుడా! మీ నాయినింకా ఓడ మీదున్నాడు, లాభం అను!" అంటూ నెత్తిన మొట్టింది అత్త.

ఆవిడ మరుక్షణమే మరిచిపోయింది. నాకు మాత్రం నాన్న ఓడకీ గట్టుకీ నడుమ నల్లటి నీళ్లలోకి జారిపోతూ కనిపించాడు. ఆ రోజు ఆయన రాక ఆలస్యమైంది. పెదవి కదపకుండా లాభం నుంచి వంద దాకా లెక్కపెట్టాను, మధ్యలో ఆ నీళ్లు కళ్ల ముందుకొస్తే మళ్లీ మొదటి నుంచి. వంద పూర్తయ్యేసరికి గుమ్మంలో నాన్న దగ్గు వినబడింది. ఆయన్ని ఒడ్డుకు చేర్చింది నా లెక్కేనన్న నమ్మకం అప్పుడు నాలో దిగబడింది.

చేతులు పదే పదే కడుక్కునేవాళ్లను నలుగురూ గుర్తుపడతారు, నాది ఎవరికి కనబడుతుంది? చదువు సాగక గోదాములో సరుకు లెక్క చూసే పనిలో చేరాక, నోటితో బస్తాలూ మనసులో నాన్న ప్రాణమూ ఒకేసారి లెక్కపెట్టేవాణ్ణి. తెలుగు దాదా బుర్ర యంత్రమని తోటి బెంగాలీలు మెచ్చుకుంటుంటే, ఆ యంత్రం ఆగితే ఏమవుతుందోనని నాకు చెమటలు పట్టేవి. పిచ్చి అంటుందేమోనని భార్యకు కూడా చెప్పలేదు.

ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేస్తున్నానని నిరుడు అమ్మాయే కనిపెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఇదొక జబ్బనీ, దీనికి పేరుందనీ, తంతు మొత్తం మనసులోనే జరిగిపోయేవాళ్లు నాలాగా ఎందరో ఉన్నారనీ ఆవిడ చెబుతుంటే సిగ్గు విడిచి ఏడ్చాను. మందులిచ్చి, నెలల తరబడి చిన్న చిన్న భయాల మీద సాధన చేయించి, చివరికి నాన్న లెక్కను సగంలో వదిలేయమంది.

ఎనభై దాటిన నాన్న బడ్జ్ బడ్జ్‌లో చెల్లి ఇంటికి ఒంటరిగా రైల్లో వెళ్లిన రోజున, అరవై మూడు దగ్గర ఆపాను. కన్నతండ్రిని నా చేతులతోనే నీళ్లలోకి తోస్తున్నట్టు అనిపించింది. చెల్లికి ఫోను చేసి అడగడం కూడా ఆ తంతులో భాగమేనని డాక్టరమ్మ ముందే చెప్పింది కనుక, ఫోనును భార్య చేతికిచ్చి గోడకానుకుని కూర్చున్నాను.

చీకటి పడే వేళకు నాన్న వచ్చి చెప్పులు విడిచాడు. "దారంతా నిలబడే వచ్చాను, ఒక్కడూ చోటివ్వలేదు. నువ్వేటి, దెయ్యాన్ని చూసినట్టు చూస్తన్నావు?"

ఇప్పుడు రేవులో సరుకు ఇనప పెట్టెల్లో దిగుతోంది, లాభమంటూ మొదలుపెట్టే గొంతులు లేవు, మా అమ్మాయికి ఆ మాటే తెలియదు. భయం ఇప్పటికీ వస్తుంది, పక్కన కూర్చుంటుంది, లెక్క అడుగుతుంది. నాన్న పేరిట ఆనాడు లెక్కపెట్టకుండా వదిలేసిన ముప్పై ఏడూ ఈ రోజుకీ దానికి బాకీయే.