ఎంగిలి కాని ముడి

మా అత్తమ్మ మా ఊరు పిస్కాటవే వచ్చిన మొదటి వారంలోనే అమెరికా చేపలన్నిటినీ ఫెయిల్ చేసింది. సాల్మన్ తిని "సబ్బు" అంది. తిలాపియా పక్కకు నెట్టి పెరుగన్నం కలుపుకుంది. ఆవిడది గోదావరి ఒడ్డు, పులస తిన్న నోరు. నాది కరీంనగర్ వైపు, మాకు చేపంటే చెరువు బొచ్చె, మహా అయితే కొర్రమీను. కాబట్టి చేపల విషయంలో మా ఇంట్లో నా అభిప్రాయం ఎవరూ అడగరు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు భోజనం దగ్గర, రుచీ పచీ లేని దేశానికి ఒకసారి రావడమే ఎక్కువ, మళ్ళీ రానని కూతురికి తేల్చి చెప్పేసింది. మా ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. నాకు ఎక్కడో కాలింది. పులసకు చుట్టమయ్యే చేప మా దగ్గరి డెలావేర్ నదిలోనే ఉందని, షాడ్ అంటారని, అదీ వసంతంలో సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వస్తుందని చదివాను. అత్తమ్మ విమానం ఎక్కేలోపు ఆ చేప ఆవిడ నోట్లో పడాలి, ఆ నోటితోనే మళ్ళీ వస్తాననాలి. అదీ నా పంతం.

గాలం వేయడం నాకు రాదు. రాకపోతే నేర్చుకోలేమా? గాలానికీ అసలు దారానికీ మధ్య మూరెడు వేరే దారం కడతారు. చేప కళ్ళముందు ఉండేది, దాని గింజులాటంతా భరించేది ఆ మూరెడే. దానికోసం పెళ్ళిసంబంధం వెతికినంత వెతికాను. నైలాన్ ముడికి లొంగుతుంది కానీ సాగుతుంది. అల్లిక దారం మహా గట్టిది కానీ నునుపు, ముడి జారుతుంది, పైగా చేపకు కనబడుతుంది. ఫ్లోరోకార్బన్ అనే దారం నీళ్ళలో కనబడదు, రాతికి ఒరుసుకున్నా తట్టుకుంటుంది, కానీ బిరుసు. ఏది గట్టిదో తేల్చుకుందామని బాత్‌రూమ్ కర్టెన్ రాడ్‌కు సోనా మసూరి బస్తా వేలాడదీశాను. దారం ఏదీ తెగలేదు. నేను వేసిన ముడే ఊడింది. బస్తా టబ్‌లో పడి పగిలింది. అత్తమ్మ వచ్చి బియ్యం ఎత్తుతూ, "మా అమ్మాయి మెళ్ళో ముళ్ళు కూడా ఇలాగే వేశారా అల్లుడుగారూ?" అని అడిగింది. మర్యాద తగ్గకుండా పొడవడం గోదావరి వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

సరే, నీళ్ళలో కనబడని దారమే ఖాయం చేసి, ముడి కోసం వీడియోలు మొదలుపెట్టాను. ఒక గడ్డపాయన చక్కగా చూపించాడు. దారాన్ని గాలం కన్నంలో దూర్చి, దాని చుట్టూ అదే దారాన్ని ఐదారు చుట్లు తిప్పి, కొసను కన్నం పక్కనున్న కంతలోంచి లాగాలి. ఇక నోట్లో పెట్టి తడిపి, మెల్లిగా బిగించాలి. ఎండుగా బిగిస్తే దారం దారంతో ఒరుసుకుని వేడెక్కి, ముడి దగ్గరే చచ్చుబడుతుందట. ఆయన గాలం నోటి దగ్గర పెట్టుకునే సమయానికి అత్తమ్మ నా కుర్చీ వెనకాల ఉంది. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్ళు తాగే మనిషి. ఎంగిలి గాలంతో పట్టిన చేపను తాను వండనంది. ఇంటర్నెట్ ఒక పక్క, అత్తమ్మ ఒక పక్క ఉంటే ఎవరి మాట నెగ్గుతుందో పెళ్ళయినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎండుగానే బిగించాను.

మొదటి శనివారం చేప పడింది. కర్ర వంగింది, నా ప్రాణం లేచొచ్చింది, అంతలో టప్పుమంది. వెనక్కి వచ్చిన దారం కొస విరిగిన జంతికలా మెలి తిరిగి ఉంది. పై వారమూ అంతే. షాపువాణ్ణి తిట్టాను, దారాన్ని తిట్టాను, ఇంకా లావు దారం కొన్నాను. దాన్నీ ఎండుగానే బిగించి, దాన్నీ పోగొట్టుకున్నాను.

ఆఖరి శనివారం వచ్చింది. సోమవారం అత్తమ్మ ఫ్లైట్. మా ఆవిడ ఒడ్డున మడత కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది. నేను కొత్త ముడి వేసుకుంటూ మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాను. అత్తమ్మ చీర ఎగదోపి, నా రబ్బరు బూట్లు తొడుక్కుని, గొడుగు పట్టుకుని పక్కనే పర్యవేక్షిస్తోంది. నాకు ఓపిక చచ్చింది.

"అత్తమ్మా, ఇగ నాతోని కాదు. ఒక్కసారి నోట్ల వెట్టుకోనియ్యుండ్రి."

ఆవిడ ససేమిరా అంది. కావాలంటే తన సంచిలో కొబ్బరినూనె ఉంది, అది రాయమంది. నూనె రాస్తే ముడి జారుతుందన్నాను. పోనీ నెయ్యి అంది. నెయ్యి కూడా అటువంటిదేనని వివరించాను. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. కార్‌లో వాటర్ బాటిల్ ఉంది, పరుగెత్తి తెస్తానన్నాను. వెళ్ళిరమ్మంది.

మా ఆవిడ ఫోన్ దించింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం తన ఉద్యోగం.

"మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, తడి ఎక్కడ దొరుకుతుందా అని మీటింగ్ పెట్టుకున్నారా ఇద్దరూ?"

నేనూ అత్తమ్మా కిందికి చూశాం. నిండుగా పారుతోంది డెలావేర్. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అత్తమ్మ మాత్రం, ఆ సంగతి అల్లుడుగారికి తెలుసేమో అనుకుని ఊరుకున్నానంది.

గాలం ముంచి, మెల్లిగా లాగితే చుట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా సర్దుకున్నాయి. కాసేపటికి చేప పడింది. అటు లాగింది, ఇటు లాగింది, ముడి మాత్రం కదలలేదు. చేతివలలోకి ఎత్తాక వెండిలా మెరుస్తున్న చేపను చూసి నేను కరీంనగర్ దాకా వినబడేలా అరిచాను. అత్తమ్మ దాని మొప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి చూసింది.

ఆ సాయంత్రం సన్నటి సెగ మీద పులుసు పెట్టింది. మర్నాటి దాకా మూత ముట్టుకోనివ్వలేదు, పులస పద్ధతి అదేనట. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. ఒళ్ళంతా ముళ్ళే ఆ చేపకు. నేను ముక్కముక్కకూ గొంతు పట్టుకుని దగ్గుతుంటే, అత్తమ్మ పళ్ళెం వైపు చూడకుండానే ముళ్ళు తీసి పక్కన పెడుతూ ఆఖరి మెతుకు దాకా తింది. వేళ్ళు నాకింది.

"పులస కాదు," అంది.

నేను తినడం ఆపేశాను. మా ఆవిడ తల ఎత్తలేదు. అత్తమ్మ గిన్నెలో అడుగున మిగిలిన పులుసు కూడా తన అన్నంలోకి ఒంపుకుంది.

"పై ఏడు ఇవి ఏ నెలలో వస్తాయి?"

ఏప్రిల్‌లో అన్నాను.

"అయితే మార్చికే తియ్యవే టికెట్," అంది కూతురితో. "నేను లేకుండా ఈయనొక్కరూ ఏట్లో దిగితే మళ్ళీ నీళ్ళ కోసం కార్ దగ్గరికి పరుగెడతారు."